చాకు చేసిన చేతికి ఊరి సన్మానం: షెఫీల్డ్ కథ, మన కొలుముల మాట

మనం హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, యానాంలో ఉన్నా, పాత ఇళ్లలో ఒక వస్తువు మాత్రం దాదాపు అందరికీ ఉంటుంది. అది కత్తిపీట. దానికి పీట మార్చి ఉంటారు, మేకులు మార్చి ఉంటారు. అలుగు మాత్రం అమ్మమ్మ కాలం నాటిదే. సాన పట్టీ పట్టీ సగం అరిగిపోయినా కూర ఇంకా నున్నగా తెగుతుంది. "ఇది ఎవరు చేశారమ్మా?" అని అడిగితే ఏ సంతలో కొన్నారో చెబుతారు, ఎంతకు కొన్నారో కూడా చెబుతారు. చేసిన కమ్మరి పేరు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. ఇంగ్లండులో షెఫీల్డ్ అనే నగరం ఒక చాకుల పనివాడిని పేరు పెట్టి గుర్తుపెట్టుకుంది. ఆయన బతికుండగానే గౌరవించింది, పోయాక తమ ఊరి చరిత్రలో ఒక పుటగా నిలుపుకుంది. ఆ నగరం ఉక్కు కథలో మన నేల పాత్ర కూడా ఉంది. అందుకే ఆ కథను మన పాఠకులకు వివరంగా చెప్పాలనుకున్నాం.

ఎవరీ స్టాన్ షా?

స్టాన్ షా 1926లో పుట్టారు. పద్నాలుగేళ్ల వయసులో షెఫీల్డ్‌లోని ఇబ్బర్‌సన్ అనే చాకుల కంపెనీలో పనికి కుదిరారు. బడిలో చదివే వయసులో పాత పనివాళ్ల పక్కన బల్ల ముందు నిలబడి మడత చాకు చేయడం నేర్చుకున్నారు. తరువాత సొంతంగా ఒక చిన్న పనిగది పెట్టుకున్నారు. చివరి ఏళ్లలో ఆ నగరంలోని కెల్హామ్ ఐలండ్ మ్యూజియంలో ఆయనకు ఒక పనిగది ఉండేది. చూడవచ్చినవాళ్లు అద్దాల పెట్టెలో ఉన్న చాకులనే కాదు, చాకు చేస్తున్న మనిషిని కూడా చూసేవారు. డెబ్బై ఏళ్లకు పైగా అదే పని చేసి, 2021లో తొంభై నాలుగేళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన చాకు మొదలుపెడితే చివరిదాకా ఆయన చేతుల మీదుగానే పూర్తయ్యేది. ముత్యపు చిప్ప, దుప్పి కొమ్ము, గేదె కొమ్ము వంటి వాటితో పిడి తొడిగేవారు. స్ప్రింగు వీపు మీద సన్నని ఆకురాయితో తీగలాంటి నగిషీ చెక్కేవారు. రాణి ఎలిజబెత్ కోసం కూడా ఆయన చాకు చేశారు. బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ఇచ్చింది. ఒక దేశం తన పతకాల జాబితాలో మంత్రులతో, అధికారులతో పాటు చాకులు చేసే మనిషి పేరు చేర్చింది.

'మెస్టర్' మాట, మన 'మేస్త్రి' మాట

స్టాన్ షా లాంటివాళ్లను షెఫీల్డ్‌లో 'లిటిల్ మెస్టర్' అంటారు, అంటే చిన్న మేస్త్రి. అక్కడి యాసలో మాస్టర్ అన్న మాటే మెస్టర్ అయింది. మన 'మేస్త్రి' అన్న మాట పోర్చుగీసు వాళ్ల 'మెస్త్రె' నుంచి వచ్చింది. ఆ రెండు మాటలకూ లాటిన్‌లో మూలం ఒక్కటే. షెఫీల్డ్ చాకుల మెస్టరు, మన తాపీ మేస్త్రి మాటవరసకు చుట్టాలేనన్నమాట.

చిన్న మేస్త్రి అంటే ఎవరి దగ్గరా కూలికి ఉండడు. పెద్ద కార్ఖానా భవనంలోనే ఒక గది, ఒక సానచక్రం అద్దెకు తీసుకుంటాడు. నీళ్లతోనో ఆవిరితోనో తిరిగే చక్రానికి అద్దె కడతాడు. ఒకరు అలుగు కొడతారు, ఒకరు సాన పడతారు, మరొకరు పిడి తొడుగుతారు. ఒకే ముంగిట్లో ఎన్నో గదులు ఉండేవి, ఒక గదిలో తయారైన ముక్క పక్క గదికి వెళ్లేది. పని చేసినవాడి పేరు మాత్రం చాకు మీద ఉండేది కాదు. అమ్మే కంపెనీ ముద్ర ఉండేది. పేరున్న కంపెనీల చాకులు ప్రపంచమంతా తిరిగాయి. వాటిని చేసినవాళ్లలో ఎక్కువమంది పేర్లు ఆ వీధి దాటలేదు. మన కత్తిపీటకు జరిగినదే అక్కడా జరిగింది. స్టాన్ షాకు దక్కిన గౌరవం విలువ తెలియాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అది ఒక్క మనిషికి ఇచ్చినట్టు కనిపించినా, పేరు మిగలని వేలమందికి ఆయన ద్వారా అందిన నమస్కారం.

మడత చాకులో అంత పని ఏముంది?

చూడ్డానికి చిన్నది, జేబులో పడిపోతుంది. విప్పి చూస్తే ఒక అలుగు, ఒక స్ప్రింగు, రెండు పక్కల రెండు ఇత్తడి రేకులు, వాటి మీద పిడి చెక్కలు, చివర్లలో లోహపు బిళ్లలు, అన్నిటినీ కలిపే రివిట్లు. ఇంతే. ఆ ఇంతేలోనే అసలు కష్టమంతా ఉంది.

మొదట ఉక్కు కడ్డీని కొలిమిలో కాల్చి దాగలి మీద కొట్టి అలుగు రూపం తెస్తారు. ఆ అలుగును మళ్లీ ఎర్రగా కాల్చి నూనెలోనో నీళ్లలోనో చటుక్కున ముంచుతారు. అప్పుడు ఉక్కు బాగా గట్టిపడుతుంది గాని గాజులాగా పెళుసు అవుతుంది. కింద పడితే విరుగుతుంది. అందుకే రెండోసారి సన్నని వేడి ఇస్తారు. శుభ్రం చేసిన ఉక్కు మీద ఆ వేడికి రంగులు పాకుతాయి. ముందు ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమ వన్నె, ఆపైన ఊదా, నీలం. చాకు అలుగుకు ఎండుగడ్డి రంగు దగ్గర ఆపాలి. స్ప్రింగు వంగి మళ్లీ లేవాలి కాబట్టి దాన్ని నీలం దాకా పోనిస్తారు. థర్మామీటరు లేని కాలంలో ఈ లెక్కంతా కంటితోనే. మన కమ్మరులు కొడవలికి పదును పెట్టేటప్పుడు చూసేదీ ఈ రంగులనే.

ఆ తరువాత స్ప్రింగు కూర్పు. అలుగు వెనుక భాగం స్ప్రింగు కొన మీద ఆనుకుని తిరుగుతుంది. తెరిచినప్పుడు, సగంలో, మూసినప్పుడు స్ప్రింగు వీపు పిడితో సమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలికి తెలిసిపోతుంది. చాకు విడదీసి, ఆకురాయితో ఒకసారి రాసి, మళ్లీ కూర్చి చూస్తారు. మళ్లీ విడదీస్తారు. చాకు బాగా కుదిరితే షెఫీల్డ్ పనివాళ్లు 'ఇది నడుస్తుంది, మాట్లాడుతుంది' అంటారు. నడవడమంటే అలుగు తడబడకుండా తిరగడం. మాట్లాడడమంటే తెరిచినా మూసినా 'టక్' మని ఒకే రకమైన చప్పుడు రావడం. ఆ చప్పుడు వినే చాకు మంచిచెడ్డలు చెప్పేస్తారు.

ఇదంతా పుస్తకంలో రాయవచ్చు, మేమూ ఇక్కడ రాశాం. కానీ ఇది చదివి ఎవరూ చాకు చేయలేరు. ఎండుగడ్డి రంగు ఏ క్షణాన గోధుమ వన్నెకు తిరుగుతుందో పక్కన నిలబడి ఏళ్ల తరబడి చూస్తేనే తెలుస్తుంది. ఆ చూపు ఉన్న మనిషి పోతే, నేర్చుకున్నవాడు లేకపోతే, ఆ విద్య కూడా ఆయనతోనే పోతుంది.

ఊరు చాకుల ఊరు ఎలా అయింది?

షెఫీల్డ్‌కు ప్రకృతి ఇచ్చినవి కొన్ని ఉన్నాయి. డాన్, షీఫ్, పోర్టర్, రివెలిన్, లాక్స్‌లీ అనే ఐదు నదులు కొండల మీద నుంచి దిగుతాయి. పెద్దవి కావు, వాగుల్లాంటివి. కానీ వాలు ఉంది కాబట్టి నీటిచక్రాలు తిరిగాయి. దగ్గరలోనే సానరాళ్లకు పనికొచ్చే గరుకు ఇసుకరాయి ఉంది. బొగ్గు ఉంది, ఇనుము ఉంది. 14వ శతాబ్దంలోనే కవి చాసర్ తన కథలో ఒక పాత్ర దగ్గర షెఫీల్డ్ చాకు ఉన్నట్టు రాశాడు. అంటే ఆరు వందల ఏళ్ల కిందటే ఆ ఊరి పేరు చెబితే చాకు గుర్తొచ్చేది.

1624లో పార్లమెంటు చట్టంతో అక్కడ చాకుల పనివాళ్ల సంఘం ఏర్పడింది. పేరు 'కంపెనీ ఆఫ్ కట్లర్స్ ఇన్ హాలమ్‌షైర్'. ఎవరు ఏ ముద్ర వాడాలి, శిష్యుడు ఎన్నేళ్లు నేర్చుకోవాలి, నాసిరకం సరుకు చేసినవాడిని ఏం చేయాలి అన్నవి ఆ సంఘం చూసేది. ఈనాటికీ ప్రతి ఏడాదీ 'మాస్టర్ కట్లర్' ను ఎన్నుకుంటుంది. 'షెఫీల్డ్' అన్న పేరును ఇతర ఊళ్ల సరుకు మీద వాడకుండా కాపాడే బాధ్యత కూడా ఆ సంఘానిదే. నాలుగు వందల ఏళ్లు దాటినా సంఘం నిలిచింది, ఊరి పేరే ఒక ముద్రగా నిలిచింది.

1740 ప్రాంతంలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మట్టి మూసల్లో ఉక్కు కరిగించే పద్ధతి పట్టాడు. గడియారం స్ప్రింగుకు అంతటా ఒకే తీరున ఉండే ఉక్కు కావాలి, బజారులో దొరకలేదు, అందుకే తానే ప్రయత్నించాడు. షెఫీల్డ్ దశ దాంతో తిరిగింది. 1913లో హ్యారీ బ్రియర్లీ అక్కడే తుప్పు పట్టని ఉక్కు తయారుచేశాడు. మన వంటింట్లో స్టెయిన్‌లెస్ స్టీలు సామాను కథలో ఆ ఊరిది పెద్ద అధ్యాయం.

సాన వెనుక దగ్గు

ఊరి పేరు చెప్పుకునేటప్పుడు దాని కోసం పడిన కష్టం కూడా చెప్పుకోవాలి. షెఫీల్డ్‌లో సాన పట్టేవాళ్లు చక్రం మీదికి వంగి కూర్చునేవారు. రాతి పొడి, ఉక్కు పొడి నేరుగా ముక్కులోకి పోయేది. తడి సాన కొంత నయం. ఫోర్కులకు పొడి సాన పట్టేవాళ్లు ముప్పై ఏళ్లు దాటి బతకడం అరుదని 19వ శతాబ్దపు వైద్యులు రాశారు. దాన్ని 'సానపట్టేవాళ్ల ఉబ్బసం' అనేవారు. ఇప్పుడు మనం సిలికోసిస్ అంటున్న జబ్బు అదే. రాతి క్వారీల్లో, పలకల గనుల్లో పనిచేసిన మన మనుషులకూ ఈ జబ్బు తెలుసు.

ఆడవాళ్ల పని కూడా చాలాకాలం ఎవరూ చెప్పుకోలేదు. చాకులకు, చెంచాలకు మెరుగు పెట్టే పనిలో ఎక్కువగా ఆడవాళ్లే ఉండేవారు. ఒంటికి కాగితాలు చుట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని, నల్లటి పొడిలో పనిచేసేవారు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఉక్కు కార్ఖానాల్ని నడిపిన మహిళల కోసం 2016లో నగరం నడిబొడ్డున ఒక కంచు విగ్రహం పెట్టారు. చాలా ఆలస్యంగా వచ్చిన గౌరవమే. అయినా వచ్చింది.

మన ఉక్కు షెఫీల్డ్‌కు ఎలా చేరింది?

మూసలో ఉక్కు చేయడం హంట్స్‌మన్‌తో మొదలు కాలేదు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచే దక్షిణాదిలో మన కమ్మరులు ఆ పని చేస్తున్నారు. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం అందులో పేరుమోసిన ఊరు. ఇనుమును మట్టి మూసలో పెట్టి, ఆకో పుల్లో వేసి, మూత మూసి, కొలిమిలో గంటల తరబడి కాల్చేవారు. తరువాత మెల్లగా చల్లార్చేవారు. ఆ ముద్దను సాగగొట్టి కత్తి చేస్తే ఒంటి మీద నీటి అలల్లాంటి గీతలు తేలేవి. లోకం 'డమాస్కస్ కత్తులు' అని పిలిచిన వాటిలో మేలిరకం వాటికి ఉక్కు మన ప్రాంతం నుంచే వెళ్లేది. 1820ల నాటికి హెన్రీ వాయిసీ అనే ఆంగ్ల వైద్యుడు కోనసముద్రం వెళ్లి ఈ పని చూసి రాశాడు. ఆయన రాసినది 1832లో అచ్చయింది. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చి అక్కడే కొలిమి దగ్గర కూర్చుని సరుకు తూచి కొనే వ్యాపారి సంగతి కూడా అందులో ఉంది.

ఈ ఉక్కును ఇంగ్లిషువాళ్లు 'వూట్జ్' అన్నారు. కన్నడంలోనూ తెలుగులోనూ ఉన్న 'ఉక్కు' అన్న మాటే అలా మారిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 1790లలో బొంబాయి నుంచి లండన్ రాయల్ సొసైటీకి ఈ ఉక్కు ముద్దలు పంపారు. 1795లో జార్జ్ పియర్సన్ వాటిని పరీక్షించి ఒక పత్రం చదివాడు. లండన్‌లో జేమ్స్ స్టోడర్ట్ అనే చాకుల పనివాడు ఈ ఉక్కుతో చాకులు, శస్త్రచికిత్స పరికరాలు చేశాడు. యూరప్‌లోని మేలైన ఉక్కు కన్నా ఇదే తనకు ఇష్టమని తన దుకాణం చీటీ మీద అచ్చు వేయించుకున్నాడు. కరెంటు పరిశోధనలతో తరువాత పేరుపొందిన మైకేల్ ఫారడే ఈ స్టోడర్ట్‌తో కలిసి 1820లో ఉక్కు మిశ్రమాల మీద పత్రం రాశాడు. వాళ్ల ప్రయోగాలకు పురిగొల్పినది ఈ వూట్జే. ప్రయోగశాలలో బాగా కుదిరిన మిశ్రమాలను పెద్ద ఎత్తున చేయించడానికి షెఫీల్డ్ కొలుములకే పంపారు.

తమిళనాడులో ఉన్న మన పాఠకులకు మరో సంగతి. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జోసయా మార్షల్ హీత్ సేలం ప్రాంతపు ఇనుప రాయి చూసి ముచ్చటపడి, 1830లలో పరంగిప్పేట్టైలో ఇనుప కర్మాగారం పెట్టాడు. అది గిట్టుబాటు కాలేదు. ఇంగ్లండు వెళ్లి షెఫీల్డ్ చేరాడు. 1839లో ఉక్కులో మాంగనీసు కలిపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దానివల్ల షెఫీల్డ్ ఉక్కు చవకయింది, మెరుగైంది. ఊరంతా లాభపడింది. హీత్ మాత్రం కోర్టుల చుట్టూ తిరుగుతూనే 1851లో పోయాడు. చేసినవాడికి ఫలం దక్కకపోవడం తెల్లవాళ్లకూ తప్పలేదు.

ఇక మన కొలుములు ఏమయ్యాయి? ఓడల్లో వచ్చిన చవక ఇంగ్లిషు ఉక్కు సంతల్లోకి దిగింది. బొగ్గుకు కావలసిన అడవి మీద ఆంక్షలు వచ్చాయి. సంస్థానాల సేనలు పోయాయి, కత్తులు కొనేవాళ్లు తగ్గారు. ఆయుధాల చట్టం వచ్చింది. 19వ శతాబ్దం ముగిసేసరికి మూస ఉక్కు విద్య మన నేల మీద దాదాపు ఆగిపోయింది. కోనసముద్రంలో ఈనాడు చిట్టెపు గుట్టలు, పగిలిన మూస పెంకులు చూపిస్తారు. ఉక్కు కొన్న వ్యాపారి గురించి, చూడ్డానికి వచ్చిన వైద్యుడి గురించి చదువుకోవచ్చు. మూస ముందు కూర్చున్న కమ్మరుల పేర్లు మాత్రం మనకు మిగలలేదు.

గౌరవం అంటే శాలువా ఒక్కటేనా?

షెఫీల్డ్ చేసినవన్నీ చూస్తే గౌరవం నాలుగు రకాలుగా కనిపిస్తుంది.

మొదటిది పతకం, సభ, చప్పట్లు. ఇవి అవసరమే. మనిషి బతికుండగా అందితే మరీ మంచిది.

రెండోది చోటు. స్టాన్ షాకు మ్యూజియంలో పనిగది దొరికింది. పిల్లలు వచ్చి చూశారు. పోర్టర్ వాగు మీద షెపర్డ్ వీల్ అనే పాత సానశాలను నీటిచక్రంతో సహా కాపాడుకున్నారు. అబ్బేడేల్‌లో మూసలతో ఉక్కు కరిగించిన పాత కొలిమి ఇప్పటికీ నిలిచి ఉంది.

మూడోది పనిముట్ల జ్ఞాపకం. షెఫీల్డ్‌లో కెన్ హాలీ అనే పనిముట్ల వ్యాపారి మూతపడుతున్న కార్ఖానాల నుంచి వేలాది పనిముట్లు, సగం తయారైన ముక్కలు, ధరల పట్టీలు ఏరి దాచాడు. చాకును దాచేవాళ్లు చాలామంది. చాకు చేసిన ఆకురాయిని దాచాలని తోచినవాడు ఆయన. ఆ సేకరణ ఇప్పుడు కెల్హామ్ ఐలండ్ మ్యూజియంలోనే ఉంది.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, గిరాకీ. దీనికి షెఫీల్డ్ కత్తెరల కంపెనీ ఎర్నెస్ట్ రైట్ కథ మంచి ఉదాహరణ. 1902లో మొదలైన ఆ కంపెనీలో కత్తెర రెండు అలుగులను జత కుదిర్చే పనివాడిని 'పుటర్' అంటారు. 2014లో షాన్ బ్లడ్‌వర్త్ అనే ఫొటోగ్రాఫర్ క్లిఫ్ డెంటన్ అనే పుటర్ మీద నాలుగు నిమిషాల చిత్రం తీశాడు. అది లోకమంతా చూసింది, ఆర్డర్లు వచ్చిపడ్డాయి. అయినా 2018లో కంపెనీ మూతపడే స్థితికి వచ్చింది. తరువాత కొత్త యజమానులు తీసుకుని, పాత మేస్త్రీలను మళ్లీ పిలిచి, వాళ్ల పక్కన కొత్తవాళ్లను కూర్చోబెట్టి నడుపుతున్నారు. మెచ్చుకోలు ఒక్కటే కొలిమి రగిలించదని, అది ఆర్డరుగా, జీతంగా, శిష్యుడుగా మారాలని ఈ కథ చెబుతుంది.

బ్రిటన్‌లో 2017 నుంచి అంతరించిపోతున్న చేతిపనుల జాబితా ఒకటి ప్రకటిస్తున్నారు, జంతువుల జాబితాలాగే. ఎంతమంది చేస్తున్నారు, ఎంతమంది నేర్చుకుంటున్నారు అని లెక్క చూసి ఏ పని ప్రమాదంలో ఉందో చెబుతారు. మడత చాకుల పని, కత్తెరల పని ఆ జాబితాలో చేరాయి. అంత పేరున్న షెఫీల్డ్‌కే ఈ పరిస్థితి ఉంటే మన కొలుముల సంగతి ఊహించుకోవచ్చు.

మన మాట

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది, దాన్ని దాటవేయకూడదు. షెఫీల్డ్‌లో చాకుల పని ఇష్టంతోనో అవసరంతోనో ఎంచుకున్న వృత్తి. మన దగ్గర కమ్మరం పుట్టుకతో అంటుకున్న పని. కొలిమి పని గొప్పదని మనం వ్యాసం రాస్తాం. ఆ ఇంటి పిల్లవాడు ఆ వేడిలో, ఆ పొగలో, ఆ చాలీచాలని రాబడిలో ఎందుకు ఉండాలి? చదువుకుని ఉద్యోగానికి వెళితే తప్పేముంది? తప్పేమీ లేదు. విద్య నిలవాలంటే కులం కొనసాగాలని కోరడం న్యాయం కాదు. ఇష్టపడిన ఎవరైనా నేర్చుకునేలా, నేర్చుకున్నవాడు గౌరవంగా బతికేలా ఉండాలని కోరడమే న్యాయం.

ఈ చర్చ ప్రభుత్వ పథకాల్లోనూ నడుస్తోంది. కేంద్రం 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. అందులో 18 రకాల చేతిపనులు ఉన్నాయి, కమ్మరం, పనిముట్ల తయారీ, తాళాల పని వాటిలో ఉన్నాయి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, హామీ లేకుండా మొదట లక్ష, తరువాత రెండు లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తామన్నది పథకం సారాంశం. 18 ఏళ్లు నిండి ఉండాలి, కుటుంబంలో ఒకరికే వర్తిస్తుంది. ఇది కులవృత్తిని బలపరుస్తుందన్న అభ్యంతరంతో తమిళనాడు ప్రభుత్వం దీన్ని అమలు చేయకుండా, కులంతో పని లేకుండా 'కలైజ్ఞర్ కైవినై తిట్టం' అనే సొంత పథకం తెచ్చింది. కర్ణాటకలో, ఒడిశాలో, మహారాష్ట్రలో, యానాంలో ఉన్నవాళ్లు దగ్గరలోని కామన్ సర్వీస్ సెంటరులో, తమిళనాడులో ఉన్నవాళ్లు జిల్లా పరిశ్రమల కేంద్రంలో ప్రస్తుత నిబంధనలు కనుక్కుని అడుగు వేయడం మంచిది. మన వీధి కమ్మరికి ఈ కబురు చేరకపోతే చేరవేయండి. దరఖాస్తు రాష్ట్ర భాషలో ఉండి ఆయనకు చదవడం కష్టమైతే, పక్కన కూర్చుని నింపిపెట్టండి. అది కూడా సన్మానమే.

ఊరి పేరును ముద్రగా కాపాడుకునే మార్గం మనకూ ఉంది. తమిళనాడులో దిండిగల్ తాళాలకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. షెఫీల్డ్ సంఘం నాలుగు శతాబ్దాలుగా చేస్తున్న పనికి ఇది మన చట్టంలోని రూపం. అయితే గుర్తింపు కాగితం మీద ఉంటే చాలదు. దాని కోసం పోరాడే పనివాళ్ల సంఘం కావాలి, కొనేవాళ్లు కావాలి.

కొనేవాళ్లం మనమే. సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ పిడి చాకు తక్కువకే దొరుకుతుంది, ఆరు నెలల్లో మొండిబారుతుంది, పారేస్తాం. కొలిమిలో చేసిన కత్తి కొంచెం ఎక్కువే అవుతుంది. సాన పట్టించుకుంటే మనుమరాలి దాకా వస్తుంది. సైకిలు మీద సానచక్రం కట్టుకుని వచ్చే మనిషి ఇప్పటికీ కొన్ని వీధుల్లో కేక వేస్తున్నాడు. ఆ కేక వినబడినప్పుడు లోపల ఉన్న కత్తెర, కత్తిపీట, అడకత్తెర తీసి ఇవ్వండి. ఆయన పొడి సాన పడుతుంటే ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పండి.

మరొక చిన్న పని. మన సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి సభలు పెడతాయి. వేదిక మీద శాలువాలు కప్పుతాయి. ఈసారి ఒక శాలువా మన ఊరి కొలిమికి దాచి ఉంచుదాం. పిలిచేముందు ఆయన దగ్గరకు వెళ్లి కూర్చుని, ఫోనులో ఆయన పని చిత్రీకరించి, పనిముట్ల పేర్లు అడిగి రాసుకుందాం. దాగలి, సమ్మెట, పటకారు, తిత్తి, ఆకురాయి అన్న తెలుగు పేర్లు మన ఊళ్లలో కన్నడంతో, తమిళంతో, ఒడియాతో, మరాఠీతో కలిసి ఎలా మారాయో ఆయన నోటే వింటాం. ఆ మాటలు పుస్తకాల్లో కన్నా కొలిమి దగ్గరే ఎక్కువ బతికున్నాయి. రాసుకున్నవి మాకు పంపితే ఊరి పేరుతో, ఆయన ఒప్పుకుంటే ఆయన పేరుతో ప్రచురిస్తాం.

షెఫీల్డ్ దగ్గర పార్లమెంటు చట్టం ఉంది, మ్యూజియం ఉంది, పతకాలు ఉన్నాయి. మన దగ్గర అవేవీ లేకపోవచ్చు. ఈ సాయంత్రం ఇంట్లో కత్తిపీట తీసి, "దీన్ని ఎవరు చేశారు?" అని పెద్దవాళ్లను ఇంకొక్కసారి అడగవచ్చు. ఒక పేరు గుర్తొస్తే, పీట అడుగున రాసి పెట్టవచ్చు.